మోతలో మాట

పెట్టెలో కూర్చోబెట్టారు మా ఆయన్ని. పెట్టె అంటే పెట్టే, ఒక మనిషి పట్టేంత చెక్కపెట్టె, లోపల గోడలకి నల్లటి స్పాంజి, తలుపు జానెడు మందం, ముందు వైపు గాజు కిటికీ. చెవులకి ఎర్రది ఒకటి, నీలంది ఒకటి, రెండు డిప్పలు తగిలించారు. చేతిలో ఒక బటన్ పెట్టారు. చప్పుడు వినబడితే నొక్కాలి, వినబడకపోతే ఊరుకోవాలి. అంతే పరీక్ష. పిల్లలాటలా ఉంది, కానీ మా ఆదివారాలు దీనిమీదే ఉన్నాయి. చెవులు చూసే అమ్మాయి ముందే చెప్పేసింది, ఫలితం వచ్చాకే ఆ డాన్సులకి వెళ్ళొచ్చో లేదో చెబుతాను, ఈలోగా నన్ను అడక్కండి అని. అరవై మూడేళ్ళ మొగుడూ అరవై ఒక్కేళ్ళ పెళ్ళామూ డాన్సులు మానాలా వద్దా అని తీర్పు కోసం వచ్చి కూర్చున్నారంటే నవ్వొస్తుంది, నవ్వుకోండి, మా అమ్మాయి కూడా నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత ఫోన్ పెట్టేసింది. నాకు మాత్రం అరచేతులు చెమట పడుతున్నాయి. సమ్మె నోటీసు ఇచ్చిన రోజున కూడా ఇంత చెమట పట్టలేదు.

నన్ను చెవులు చూసే అమ్మాయి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోమన్నారు. కూర్చోవడమే తప్పయింది. ఇక్కణ్ణుంచి ఆమె ముందున్న తెర కనిపిస్తుంది. ఆమె మీట నొక్కినప్పుడల్లా తెర మూల ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది, అంటే డిప్పలోకి చప్పుడు వెళ్ళిందని. చుక్క వెలిగింది, ఆయన నొక్కాడు. మళ్ళీ వెలిగింది, నొక్కాడు. వెలిగింది, నొక్కలేదు. వెలిగింది, నొక్కలేదు. గాజులోంచి ఆయన చూపు నా మొహం మీదే ఉంది. చుక్క నాకు కనిపిస్తోంది, నేను ఆయనకి కనిపిస్తున్నాను, మధ్యలో ఉన్నది ఈ అమ్మాయి వీపు ఒక్కటే. కనుబొమ్మ కొంచెం ఎగరేస్తే చాలు, ఆయన నొక్కుతాడు, పరీక్ష పాసవుతాడు, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఇద్దరం బూట్లు వేసుకుని బయల్దేరతాం. ఎగరేయకుండా పట్టి ఉంచడం ఎంత కష్టమో నా నుదురుకే తెలుసు. చేతులు కూడా నమ్మదగ్గవి కావు, వాటిని తొడల కింద పెట్టి మీద కూర్చున్నాను. గోడ మీద బొమ్మ చూద్దాం. నిలువునా కోసిన చెవి, లోపల నత్తగుల్ల, గుల్లలో గడ్డిలాగా సన్నటి వెంట్రుకలు. పెద్ద మోత ఆ గడ్డిని తొక్కేస్తుందట, తొక్కిన గడ్డి మళ్ళీ లేవదట. ఈ సంగతి మిల్లులో మాకెవరూ చెప్పలేదు. చెవులు గుయ్యిమంటున్నాయయ్యా అంటే దూది పెట్టుకోండి, బట్టల మిల్లులో దూదికి కరువా అని మేనేజరు జోకేశాడు. ఆ జోకుకి నవ్వినవాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తే.

రెండో షెడ్డులో నాలుగు వందల మరమగ్గాలు. నాలుగు వందల నాడెలు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, గుండెలో గుద్దినట్టు. పక్కన మనిషి అరిచి చచ్చిపోయినా వినబడదు. అందుకే మేం అరవడం మానేశాం. పెదాలతో మాట్లాడుకునేవాళ్ళం, గొంతు లేకుండా, ఒక్కో మాటని నోట్లోనే చెక్కి అవతలికి చూపించి. పెదాలకి అందని దూరమైతే చేతులు. పోగు తెగితే ఒక సైగ, కండె అయిపోతే ఒకటి, బెల్టు జారుతోందంటే ఒకటి, మేస్త్రీ వస్తున్నాడంటే మీసం మెలేసినట్టు ఒకటి, ఆ మేస్త్రీకి మీసమే లేదు, పాతికేళ్ళ క్రితం పోయిన ఇంకో మేస్త్రీ మీసం అది. పుట్టుకలూ చావులూ అత్తల మీద చాడీలూ అన్నీ ఆ మోతలోనే నడిచాయి. మా ఆయన ఆ లైన్లకి ఫిట్టరు, ఇప్పటికీ పేట మొత్తం ఫిట్టరు అనే పిలుస్తుంది. నన్ను ఆరు మగ్గాల అవతలనుంచి అడిగాడు, నూనె డబ్బా చేత్తో పట్టుకుని, నన్ను చేసుకుంటావా అని. షెడ్డంతా చదివేసింది. నేను ఒప్పుకున్నాక మూడు రోజులకి గాని ఆయన గొంతు వినలేదు. క్యాంటీన్లో విన్నాను, మనిషి చూస్తే గుంజలా ఉన్నాడు, గొంతు చూస్తే సన్నగా, పీకలో పిట్ట కూర్చున్నట్టు. పడీ పడీ నవ్వాను. ఆయన పెదాలతో అన్నాడు, ఇదిగో, ఇందుకే అక్కడ అడిగాను.

చుక్క వెలిగింది. నొక్కలేదు.

పెళ్ళయిన రెండో ఏడు నా ఎడమచేతిని బెల్టు లాక్కుంది. నేను అరిచానో లేదో నాకే తెలియదు. ఆయన చూశాడు, వినలేదు, చూశాడు, పరుగెత్తి గోడకున్న ఇనప మీట కిందకి లాగేశాడు. నాలుగు వందల మగ్గాలు ఒక్కసారి ఆగాయి. షెడ్డు నడిమధ్య నిశ్శబ్దం వచ్చిందంటే ఎవరిదో ఏదో పోయిందని అర్థం, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగి, ఎవరి చెయ్యి, ఎవరి చెయ్యి అని అడుగుతారు. ఆ రోజు నాది. రెండు వేళ్ళు. ఆ తర్వాత నా సైగలు సరిగ్గా పలికేవి కావు, మూడు వేళ్ళతో చూపించాల్సింది ఒక వేలితో, వచ్చే నెలని రేపు అని చదివేవాళ్ళు. చేతికి నత్తి వచ్చిందని ఏడిపించేవాళ్ళు. నత్తి చేత్తోనే సంఘం కట్టాను, రాత నేర్చుకుని కరపత్రాలు రాశాను, తప్పులతో రాశాను, తప్పులున్నాయని ఒక్క కూలివాడూ చదవడం మానలేదు. ఏడాదికోసారి చెవుల పరీక్ష పెట్టాలని కొట్లాడింది నేనే. పెట్టారు. చెవుడు తేలినవాణ్ణి మిషను మీంచి తీసేసి గోనెలు కుట్టే కొట్టంలో పడేయడం మొదలుపెట్టారు. అప్పుడు ఆ పరీక్షని మోసం చేయడం నేర్పింది కూడా నేనే. ఇలాంటి పెట్టే, ఇలాంటి గాజే, వెనక వరసలో నిలబడ్డవాళ్ళం ఆపరేటరు వేలు చూసి కనుబొమ్మ ఎగరేసేవాళ్ళం, లోపల కూర్చున్నవాడు నొక్కేవాడు. మిల్లు మొత్తానికి చెవులు భేషుగ్గా ఉన్నాయని కంపెనీ గోడ మీద పటం కట్టించుకుంది. గెలిచామనుకున్నాం. ఎవరి మీద గెలిచామో చూసుకోలేదు.

తర్వాత మిల్లు మూస్తామన్నారు. కాగితం ఒకటి పట్టుకొచ్చారు, నా ఇష్టంతో నేనే మానేస్తున్నాను అని రాసి ఉన్న కాగితం. ఎవరూ సంతకం పెట్టొద్దని గేటు ముందు గొంతు చించుకున్నాను. మొదటి సంతకం ఫిట్టరుది. నా మొగుడిది. ఒకడు పెడితే వందమంది పెడతారు, పెట్టారు, మూసేశారు. ఇంటికొచ్చి ద్రోహి అన్నాను, పెదాలతో కాదు, గొంతుతో, వీధి వినేలా. ఆయన జవాబు చెప్పబోయాడు. నేను మొహం తిప్పేసుకున్నాను. మా భాషలో అదే తలుపు వేయడం. చెవితో మాట్లాడుకునేవాళ్ళకి అటు తిరిగి కూర్చున్నా మాట వెనకనుంచి వచ్చి పడుతుంది, మాకు పడదు, మొహం తిప్పితే మనిషి మూగవాడైపోతాడు. ఆరేళ్ళు. అన్నం పెట్టి గిన్నె చప్పుడు చేస్తాను, వచ్చి తింటాడు. మా అమ్మాయి ఫోన్ చేసి నాన్నకి చెప్పమ్మా అంటే చీటీ రాసి పెడతాను. గట్టిగా అరిస్తే వినబడుతుంది గాని, అరిచి చెబితే మందులు వేసుకో అన్నది కూడా తిట్టులాగే ఉంటుంది. ఆరేళ్ళలో మా ఇంట్లో ఎక్కువ మాట్లాడింది టీవీ.

చెవులు చూసే అమ్మాయి మీట మార్చింది, ఇప్పుడు నీలం చెవి. ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. నుదుటి మీదికి జుట్టు పెరిగింది, కత్తిరించాలి.

మూసిన మిల్లు రెండో షెడ్డుని ఎవరికో అద్దెకిచ్చారు. ఆదివారాలు మధ్యాహ్నం మూడు నుంచి ఎనిమిది దాకా దబ్ దబ్ దబ్ దబ్. మా ఇంటి కిటికీ అద్దాలు గడగడలాడేవి. పాట ఉండదు, పల్లవి ఉండదు, మాట ఉండదు, ఒకటే దరువు, ఇదీ ఒక సంగీతమేనా, డబ్బు చేసినవాళ్ళ కొవ్వు అనుకున్నాను. పేటలో నలభై మంది చేత సంతకాలు పెట్టించి అర్జీ రాశాను. అర్జీ ఇవ్వడానికి ఒక్కదాన్నే వెళ్ళొచ్చు, కానీ సాక్షి లేకుండా ఏ కాగితమూ ఇవ్వకూడదని నా నియమం, ఆ రోజు పేటలో ఖాళీగా ఉన్న సాక్షి మా ఆయనొక్కడే. గిన్నె చప్పుడు చేశాను, వచ్చాడు, అర్జీ చూపించాను, చొక్కా వేసుకున్నాడు.

తలుపు దగ్గర ఒకామె మా చేతులకి కాగితం పట్టీలు చుట్టి లోపలికి తోసేసింది, నా అర్జీ వంక చూడనైనా లేదు. లోపల రెండు వందల మంది. పైకప్పు అద్దాల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది, ఎండలో పొగ, పొగలో జనం. మగ్గాలు లేవు, వాటిని బిగించిన బోల్టు గుంతలు నేలలో అలాగే ఉన్నాయి. మొదటి దరువు నా అరికాళ్ళలోకి వచ్చింది. చెవిలోకి కాదు, అరికాళ్ళలోకి, పిక్కల్లోకి, పొట్టలోకి. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది, ఈ మోతలో నిలబడడానికి మాకు కూలి ఇచ్చేవాళ్ళు, ఆ కూలి చాలదని కొట్లాడేవాళ్ళం, వీళ్ళు ఎదురు డబ్బు కట్టి వస్తున్నారు, పిచ్చిముండావాళ్ళు. తిరిగి చూస్తే మా ఆయన ఇటు మొహం పెట్టి ఉన్నాడు. నేనూ అటు మొహం పెట్టాను, అలవాటు, ఆ మోతలో ఆ నేల మీద నిలబడితే మొహం దానంతటదే తిరుగుతుంది. ఆయన పెదాలు కదిలాయి.

"నిమిషానికి నూట ముప్పై. మన మగ్గాలకన్నా నిదానం. బెల్టు పాతది."

"బెల్టేంటి, అది సంగీతం."

"ఏదైనా గాని. బేరింగు అరిగింది, వినబడటంలా, టిస్ టిస్ అని?"

నేను నవ్వాను. ఆరేళ్ళలో ఆయన నాతో అన్న మొదటి మాటలు బెల్టు పాతది, బేరింగు అరిగింది అని. ఇంకా ఏదో అనబోయాడు, అంతలో దరువు ఆగిపోయింది. ఆ సంగీతంలో అది మామూలేనట, అంతా ఒక్కసారి తీసేసి, ఊపిరి బిగబట్టించి, మళ్ళీ రెండింతలు వదులుతారట. మాకేం తెలుసు. షెడ్డు నడిమధ్య నిశ్శబ్దం. మా ఆయన జనాన్ని తోసుకుంటూ గోడ దగ్గరికి పరుగెత్తి ఇనప మీట కిందకి లాగేశాడు. ఆ మీట ఇంకా పనిచేస్తుందని అద్దెకి తీసుకున్నవాళ్ళకి కూడా తెలియదు. రంగుదీపాలు ఆరిపోయాయి, యంత్రాలు చచ్చాయి, ఆ పిట్ట గొంతుతో ఆయన అరిచాడు, "కదలొద్దు, ఎవరూ కదలొద్దు, ఎవరి చెయ్యి? ఎవరి చెయ్యి?" అని. ఎండలో రెండు వందల మంది కొయ్యబారి నిలబడ్డారు. నవ్వుతారనుకున్నాను. నవ్వితే ఒక్కొక్కణ్ణి ఏం తిట్టాలో కూడా అనుకున్నాను. ముందువరసలో ఒక లావుపాటి బస్సు డ్రైవరు, ఒళ్ళంతా చెమట, మా ఆయన మొహం చూసి ఏమర్థమైందో, రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూపించాడు. "నావి రెండూ ఉన్నాయి బాబాయ్," అన్నాడు. పక్కవాళ్ళు ఎత్తారు. వెనకవాళ్ళు ఎత్తారు. రెండు వందల మంది, నాలుగు వందల చేతులు, వేళ్ళు విప్పి. నేనూ ఎత్తాను. ఎనిమిది వేళ్ళు. ఆయన అన్ని చేతుల్లోంచి నా చేతినే చూశాడు, చూసి మీట దగ్గరే కింద కూర్చుండిపోయాడు.

ఆ సంగీతం వాయించేది ఎవరనుకున్నారు, పళ్ళ డాక్టరు. నలభై అయిదేళ్ళ మనిషి, వారమంతా జనం నోళ్ళలో వేళ్ళు పెట్టి ఆదివారం ఇక్కడ మీటలు తిప్పుతుంది. దిగి వచ్చి మా ఇద్దరి మధ్య నేల మీద కూర్చుంది. అర్జీ ఇచ్చాను. మొత్తం చదివింది, ఇంతవరకూ ఏ అధికారీ నా అర్జీ మొత్తం చదవలేదు. "న్యాయమే అక్కా, వచ్చేవారం నుంచి పేట వైపున్న స్పీకర్లు అవతలికి తిప్పేస్తాను," అంది, తర్వాత, "మీరు పైన పళ్ళు రెండు చూపించుకోవాలి," అంది. అడిగింది ఇచ్చేస్తే ఇక నేను ఎవరితో కొట్లాడాలి. కొట్లాడటానికే వచ్చేవారం కూడా వెళ్ళాం. మాట నిలబెట్టుకుందో లేదో చూడ్డానికి వెళ్ళాం అని మా అమ్మాయికి చెప్పాను. ఆ పై వారం ఏమీ చెప్పలేదు, వెళ్ళాం.

అక్కడ ఎవరూ నువ్వెవరు, ఏం చేస్తావు అని అడగరు. నీళ్ళు తాగావా అని అడుగుతారు. క్షౌరశాలలో పనిచేసే ఒకావిడ నా తువాలుతో మొహం తుడుచుకుని తిరిగి ఇచ్చింది, బ్యాంకు గుమాస్తా ఒకడు కళ్ళు మూసుకుని మూడు గంటలు ఒకే చోట ఊగుతాడు, చూస్తే పిచ్చాసుపత్రి, లోపల నిలబడితే మొదటి షిఫ్టు. వాళ్ళలో ఎవడికీ ఆ మోతలో ఒక్క మాట వినబడదు, చెవిలో నోరు పెట్టి అరుచుకుంటారు, అయినా వినబడదు. మేమిద్దరం షెడ్డుకి ఆ కొస ఒకరం ఈ కొస ఒకరం నిలబడి కబుర్లు చెప్పుకుంటాం. మా ఇంట్లో లేని తీరిక అక్కడ ఉంది. ఒకరోజు ఒక స్పీకరు కట్టు ఊడి జారుతోంది, బెల్టు జారుతోంది, ఆపు అని ఆయనకి సైగ చేశాను, రెండు చేతులూ పక్కకి లాగి కిందకి కొట్టాలి దానికి. నా ముందున్న ముప్పైమంది అది కొత్త అడుగనుకుని నాతోపాటు లాగి కొట్టారు. వద్దురా అని చెయ్యి ఊపితే అదీ ఊపారు. ఇప్పుడు అక్కడ సగం మందికి మిల్లు సైగలు వచ్చు, అర్థం తెలియకుండా పోగు తెగింది, కండె అయిపోయింది అని ఎగురుతుంటారు. దరువు ఆగినప్పుడు చేతులెత్తి వేళ్ళు విప్పి చూపించుకుంటారు. నాలుగు వందల మగ్గాల మోత మా ఒంటి మీద సవారీ చేసింది, ఇక్కడ మోత మీద మనుషులు సవారీ చేస్తున్నారు, సంఘంలో ముప్పై ఏళ్ళు నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదేనేమో, లేక ఇది కూడా మోసమేనేమో, తెలియదు, కాళ్ళు మాత్రం ఆగవు.

నాలుగో ఆదివారం, గోడ పక్కన నీళ్ళు తాగుతూ, ఆయన పెదాలతో అన్నాడు, "బేరింగు మోత నాకు వినబడలేదు."

"అరిగిందన్నావు కదా."

"ఈ బేరింగు కాదు. ఆఖరి ఏడు. తొమ్మిదో లైను."

తొమ్మిదో లైనులో ఒక పిల్ల జుట్టు షాఫ్టుకి చుట్టుకుంది, కుదుళ్ళతో సహా అరచేతి మేర ఊడొచ్చింది, పీక తెగలేదు, అది అదృష్టం. బేరింగు నెల ముందే కూసి ఉంటుంది, ఫిట్టరు చెవి పెట్టి వింటాడు, అదే ఆయన పని. ఆయన విన్నాడు, ఏమీ వినబడలేదు, బాగుందని రాసి సంతకం పెట్టాడు. "రేపు ఎవరి చెయ్యో అని భయమేసింది. వినబడటం లేదని చెబితే, చెవులు భేషుగ్గా ఉన్నాయని రెండు నెలల క్రితమే పరీక్ష పాసయ్యావుగా అన్నారు. కాగితం వచ్చింది, పెట్టేశాను." ఇంత చెప్పి నీళ్ళ సీసా మూత బిగించాడు. నేను జనంలోకి వెళ్ళి ఎగిరాను, మోకాళ్ళు వాచేదాకా ఎగిరాను. ఆ పరీక్ష రోజు గాజు ఇవతల నిలబడింది నేను.

ఆ సంగతే చెప్పాల్సి ఉంది. పదకొండు ఆదివారాలు గడిచాయి, అన్నీ చెప్పుకున్నాం, అది తప్ప. వచ్చేవారం చెబుదాం, మోత ఇంకొంచెం పెంచాక చెబుదాం. అంతలో ఆయన చెవిలో ఈల మొదలైంది. ముందు ఒక పూట, తర్వాత మూడు రోజులు ఆగకుండా. పళ్ళ డాక్టరే పసిగట్టింది, ఇక్కడికి చీటీ రాసిచ్చింది, చూపించుకునేదాకా లోపలికి రానివ్వను బాబాయ్ అంది. ఈ తీర్పులో వద్దంటే ఇక ఇంట్లోనే, గిన్నె చప్పుడూ టీవీ, ఆయన అటు నేను ఇటు. అందుకే కనుబొమ్మ దురద పెడుతోంది. ఒక్కసారి ఎగరేస్తే ఏమవుతుంది. ఎవరి చెయ్యి పోతుంది ఇక్కడ, ఎవరిదీ పోదు, పోతే ఆయన చెవే. ఆయన చెవి మీద నాకేం హక్కు అంటే, అప్పుడు మాత్రం ఏం హక్కు ఉండి ఎగరేశాను. చుక్క వెలిగింది. ఆయన నన్ను చూస్తున్నాడు. మళ్ళీ వెలిగింది. ఆయన చూస్తున్నాడు, బటన్ మీద బొటనవేలు సిద్ధంగా ఉంది. నా నుదురు కదిలిందేమో, కదలబోయిందేమో, అంతలో ఆయన కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా, పిల్లలు మందు తాగేటప్పుడు మూసుకున్నట్టు. ఇక తెరవలేదు. చుక్కలు వెలుగుతూనే ఉన్నాయి, ఒకటి, రెండు, అయిదు, ఎనిమిది, ఆ వేలు కదలడం లేదు, ఆ మనిషి నిజాయితీగా ఏమీ వినకుండా కూర్చున్నాడు, నేను చూస్తున్నాను. ఇంతకాలం ఆయన ఎంత వినడం లేదో నేనెప్పుడూ కూర్చుని చూడలేదు. ఎప్పుడూ మధ్యలో నా కనుబొమ్మ ఉండేది.

అమ్మాయి తలుపు తీసింది. ఆయన బయటికొచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కాగితం మీద రెండు గీతలు చూపించింది, రెండూ కొండ మీంచి జారినట్టు కుడివైపు కిందకి పడిపోతున్నాయి. నిదానంగా చెప్పింది, మంచి పిల్లే, కానీ నోటికి ముసుగు కట్టుకుని చెప్పింది. ఆయనకి ఆమె పెదాలు కనబడలేదు, మాట వినబడలేదు. ఎడమ చెవి దాదాపు పోయినట్టే. కుడి చెవి ఇంకా మాట అందుకుంటోంది, కాపాడుకుంటే మిగులుతుంది. ఆ హాలుకి ఇలాగే వెళ్తే రెండేళ్ళు, మహా అయితే మూడు. చెవి కొలత తీసి మూతలు చేయించుకుని, స్పీకర్లకి దూరంగా, గంటకి మించకుండా అయితే ఇంకొంచెం, కానీ పూచీ ఏమీ ఇవ్వను. "నన్నడిగితే వద్దంటాను. మీరే ఆయనకి అర్థమయ్యేలా చెప్పండమ్మా," అంది.

ఆయన నావైపు తిరిగాడు. "ఏమంటోంది?" అన్నాడు, పెదాలతో, గొంతు లేకుండా.

సగం చెప్పొచ్చు. మూతలు పెట్టుకుంటే ఏం ఫర్వాలేదట అని చెప్పొచ్చు, ఆయన నమ్ముతాడు, ఆయన దగ్గర ఉన్న కబురంతా నా నోటి మీదే ఉంది. ముప్పై ఏళ్ళు కంపెనీ మా దగ్గర ఇలాగే సగం సగం చెప్పింది. కుర్చీ ఈడ్చి ఆయనకి ఎదురుగా వేసుకున్నాను. మొత్తం చెప్పాను. ఎడమది, కుడిది, రెండేళ్ళు, మూడేళ్ళు, మూతలు, పూచీ లేదు, ఆమె వద్దంటోంది. ఆయన ఒక్కో మాటా చదివాడు.  

"వెళ్ళడం మానేస్తే?"

"మానేస్తే ఏమిటి?"

"ఇంట్లో మొహం ఇటు పెడతావా?"

ఈ గదిలో ఫ్యాను చప్పుడు కూడా లేదు. దాక్కోవడానికి మోత లేదు.

"మిల్లులో ఆఖరి పరీక్షలో ఇరవై సార్లు చప్పుడు చేశాడు ఆపరేటరు," అన్నాను, పెదాలు వణికి మాట చెదిరింది, మళ్ళీ చెక్కాను. "పదిహేడు సార్లు నేను కనుబొమ్మ ఎగరేశాను. నీకు వినబడటం లేదని నాకు తెలుసు. ఆ పిల్ల జుట్టు ఊడినప్పుడే అది ఎవరి వల్లో నాకు అర్థమైంది. సంతకం పెట్టావని తిప్పుకోలేదు మొహం. ఇటు పెడితే నువ్వు చదివేస్తావని."

ఆయనకి కోపం వస్తుందని చూశాను, రావాలనే ఉంది నాకు.

"ద్రోహి అన్న రోజే చదివాను," అన్నాడు. "సగం తిప్పేలోపే చదివేశాను. నువ్వే చెబుతావని కూర్చున్నాను."

"ఆరేళ్ళా?"

"నువ్వు తిరిగితే కదా."

పరీక్ష చేసిన అమ్మాయికి మేమిద్దరం ఏం చేస్తున్నామో అర్థం కాలేదు, ఎదురెదురుగా కూర్చుని చప్పుడు లేకుండా నోళ్ళు ఆడిస్తున్న ముసలాళ్ళని ఎంతసేపని చూస్తుంది. పెన్ను తీసింది, కాగితం ముందుకు లాక్కుంది.

"ఏమండీ, మరి ఏమనుకున్నారు? వెళ్తారా, మానేస్తారా? నేను రాయాలి."

"ఆగమ్మా," అన్నాను ఆమె వైపు తిరగకుండానే. "మాట్లాడుకుంటున్నాం."